బారెంట్స్‌బర్గ్ రష్యా నేల కాదు

ఆర్కిటిక్‌లోని స్వాల్బార్డ్ దీవుల మీద మాస్కో, ఓస్లోలు మాటకు మాట అనుకున్న ప్రతిసారీ మన వార్తల్లో ఒకటే బొమ్మ: అక్కడి రష్యన్ బొగ్గు గని ఊరు బారెంట్స్‌బర్గ్‌లోని లెనిన్ విగ్రహం, దాని కింద ‘నాటో దేశంలో రష్యా భూభాగం’ అన్న శీర్షిక. కొందరైతే ఆ దీవులు రెండు దేశాల ఉమ్మడి సొత్తని రాస్తున్నారు. రెండూ తప్పే. 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో సంతకాలైన ఒడంబడికను తిరగేసినవారెవరూ అలా రాయలేరు.

ఒడంబడిక మొదటి అధికరణ ఆ దీవుల మీద సంపూర్ణ సార్వభౌమాధికారాన్ని నార్వేకు ఇచ్చింది. ఆ తర్వాతి రెండు అధికరణలు సభ్యదేశాల పౌరులకు రాకపోకల్లో, వేటలో, గనుల తవ్వకంలో, వ్యాపారంలో సమాన హక్కులిచ్చాయి. అవి పౌరులకు, వారి సంస్థలకు దక్కిన హక్కులు. ప్రభుత్వాలకు పాలనలో వాటా లేదు. అనుమానముంటే ఎవరూ పట్టించుకోని పదో అధికరణ చదవాలి. అప్పటికి బోల్షెవిక్ ప్రభుత్వాన్ని సంతకం చేసిన దేశాలేవీ గుర్తించలేదు. చర్చల్లో రష్యా లేదు. అయినా రష్యా పౌరులకూ సంస్థలకూ మిగతావారితో సమానంగా హక్కులుంటాయని ఆ అధికరణ చెప్పింది. గుర్తింపు పొందిన ప్రభుత్వమే లేని రోజున పుట్టిన హక్కు ఆ ప్రభుత్వపు భూభాగ హక్కు ఎలా అవుతుంది?

బారెంట్స్‌బర్గ్ గని ఒకప్పుడు డచ్చివారిది. 1932లో సోవియట్ సంస్థ అర్క్తిక్‌ఉగోల్ దాన్ని డబ్బిచ్చి కొనుక్కుంది. నార్వే సార్వభౌమాధికారాన్ని మాస్కో 1924లోనే గుర్తించింది, 1935లో ఒడంబడికలో చేరింది. 1941లో మిత్రదేశాల సేనలు అక్కడివారిని ఖాళీ చేయించాయి. 1943లో జర్మన్ యుద్ధనౌకల దాడిలో ఊరు తగలబడిపోయింది. ఆ మరుసటి ఏడాది, 1944 నవంబరులో, సోవియట్ విదేశాంగ మంత్రి మొలొతోవ్ నార్వే విదేశాంగ మంత్రి త్రిగ్వె లీని పిలిపించి ఒడంబడికను రద్దు చేయాలనీ, దీవులను ఇద్దరం కలిసి పాలిద్దామనీ కోరాడు. 1947లో నార్వే పార్లమెంటు కుదరదంది. ఉమ్మడి పాలన అప్పటికే ఉంటే మొలొతోవ్ దాన్ని అడగాల్సిన పనేముంది? ఉమ్మడి సొత్తన్న వాదనకు నాకు కనిపించే గట్టి జవాబు ఇదే.

ఇక ఊళ్లో ఇళ్లు, క్యాంటీన్, జీతం అన్నీ అర్క్తిక్‌ఉగోల్ కంపెనీవే. కార్మికులు ఒప్పందం మీద వస్తారు. ఎక్కువమంది ఉక్రెయిన్‌లోని దోన్‌బాస్ గనుల నుంచి వచ్చినవారు. విద్యుత్ కేంద్రంలో కాలేది అక్కడి బొగ్గే. దీవుల పరిపాలనా కేంద్రం లాంగియర్‌బియెన్‌కు రోడ్డు లేదు. 1996 ఆగస్టు 29న ఈ కార్మికులనూ కుటుంబాలనూ తీసుకొస్తున్న విమానం కొండను ఢీకొని 141 మంది చనిపోయారు. మరుసటి ఏడాది గనిలో పేలుడు 23 మందిని మింగింది. ఆ విమాన ప్రమాదంపై దర్యాప్తు నడిపింది నార్వే అధికారులే. బారెంట్స్‌బర్గ్‌లో రష్యా కాన్సులేట్ ఉందన్న సంగతీ గుర్తుంచుకోవాలి. ఏ దేశమూ సొంత నేల మీద కాన్సులేట్ పెట్టుకోదు.

2022 జూన్‌లో నార్వే-రష్యా సరిహద్దులోని స్తోర్‌స్కోగ్ దగ్గర బారెంట్స్‌బర్గ్‌కు వెళ్లే సరుకుల కంటైనర్లు ఆగినప్పుడు ఒడంబడిక ఉల్లంఘన అని మాస్కో మండిపడింది. మూడో అధికరణ ఓడల గురించి వివరంగా చెబుతుంది. దీవులకు వెళ్లే ఓడలు నార్వే రేవుల్లో సరుకు ఎక్కించుకోవచ్చు, దించుకోవచ్చు. రష్యా లారీలు నార్వే ప్రధాన భూభాగం మీదుగా వెళ్లే హక్కు మాత్రం అందులో లేదు. కార్మికుల ఆహారం ఆగితే నాకూ బాధే, త్వరగా దారి దొరకడం మంచిదైంది. అంతమాత్రాన అది ఒడంబడిక భంగం కాదు.

నార్వే వైపు లోపాలు లేవనను. పర్యావరణ చట్టాల పేరిట రష్యా గనులను ఇరుకున పెడుతోందన్న ఫిర్యాదు పాతదే. అయితే ఆ చట్టాలు నార్వే కంపెనీలకూ వర్తిస్తాయి. స్వాల్బార్డ్‌లో తన చివరి బొగ్గు గనిని నార్వే 2025లో మూసేసింది. రేపు బారెంట్స్‌బర్గ్ గని మూతపడినా రష్యన్లు అక్కడ ఉండిపోవచ్చు, బొగ్గు తవ్వితేనే ఉండాలన్న షరతు ఒడంబడికలో లేదు. కాకపోతే నార్వే చట్టానికి లోబడి ఉండాలి.

ఇందులో మనకూ భాగముంది. 1920లో బ్రిటిష్ సామ్రాజ్యంలో భాగంగా భారత్ తరఫున కూడా సంతకం పడింది. 2008లో నీ-ఓలెసున్ద్‌లో తెరిచిన మన హిమాద్రి పరిశోధన కేంద్రం కూడా నార్వే నేల మీదే ఉంది. బారెంట్స్‌బర్గ్‌ను రష్యా భూభాగమని మనమే ఒప్పుకుంటే, రేపు మన శాస్త్రవేత్తల హక్కులను ఎవరైనా ప్రశ్నించినప్పుడు ఇదే ఒడంబడికను చూపించే నైతిక బలం పోతుంది. మొదటి అధికరణను అక్షరాలా గౌరవిస్తామని న్యూఢిల్లీ ఇప్పుడే బహిరంగంగా చెప్పాలి.