విద్యార్థి పరిశోధనమున సాంఘిక చరిత్ర

తెలుగు శాఖలలో పరిశోధన యనగానే కవి జీవితము, కృతులు, కాలము అను మూడు ప్రకరణముల ప్రణాళిక విద్యార్థి యెదుట నిలుచుచున్నది. ఈ పద్ధతివలన మేలు జరుగలేదనుట అన్యాయము. కాని ఆ మూడవ ప్రకరణమున సంఘము నాటకపు తెరవలె వెనుక వ్రేలాడుచుండును. రాజుల పేరులు, యుద్ధముల సంవత్సరములు చెప్పి విద్యార్థి కవిత్వమునకు మరలును. ప్రజలు ఏమి తినిరి, ఎవరికి సిస్తు కట్టిరి, పల్లకిని మోసినవారెవరు అను ప్రశ్నలకు అందు చోటుండదు. కావ్యములనుండియే ఇట్టి ప్రశ్నలకు సమాధానములు రాబట్టవచ్చునని సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ నిరూపించినది. తెలుగున తొలి సాహిత్య అకాడమీ పురస్కారము 1955లో ఆ గ్రంథమునకే లభించినది. అయినను ఆ బాటను పట్టిన విద్యార్థులు స్వల్పసంఖ్యాకులు.

అట్టి గ్రంథమును మరల వ్రాయుట విద్యార్థి కర్తవ్యము కాదు. వేయేండ్ల చరిత్రను ఒక సంపుటమున ఇముడ్చుట జీవితకాలపు కృషి. విద్యార్థికి తగినది ఒక్క ఘట్టము, ఒక్క పత్రము, ఒక్క ఊరు. విషయము చిన్నదైనను ప్రశ్న గట్టిదైనచో ఫలితము చిన్నది కానేరదు.

కైఫియత్తులనే తీసికొందము. కర్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) కావలి బొర్రయ్య, లక్ష్మయ్య మొదలగు సహాయకులద్వారా సేకరింపజేసిన ఈ గ్రామ వృత్తాంతములలో కరణములు తమ కవిలెలనుండి ఎత్తి వ్రాసి యిచ్చినవి పెక్కు కలవు. ఊరు పుట్టిన విధము, గుడి, చెరువు, మాన్యములు, పాలకుల వరుస అందు కానవచ్చును. వీనిని యథాతథముగా సత్యమని గ్రహించినచో విద్యార్థి మోసపోవును. కట్టుకథలని త్రోసివేసినచో నష్టపోవును. చెప్పినవాడు మిరాశీ హక్కుగల కరణము. అడిగించినవాడు కొత్త ప్రభుత్వపు ఉద్యోగి. మాన్యము ప్రాచీనమైనదని స్థాపించుటలో మొదటివానికి ప్రయోజనమున్నది. కావున కైఫియత్తు ఏమి చెప్పుచున్నదో తెలిసికొనుట సగము పని. ఎవరు, ఎవరికి, ఎందులకై చెప్పిరో తెలిసికొనుట తక్కిన సగము.

యాత్రాగ్రంథముల విషయమును ఇట్టిదే. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో బయలుదేరి, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, కలకత్తా, జగన్నాథముల దారిని 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. 1838లో అచ్చైన వారి ‘కాశీయాత్ర చరిత్ర’ను వచన వికాసమునకు నిదర్శనముగా పేర్కొనుట వాడుక. అదే గ్రంథమును పల్లకిని మోసిన బోయీల వైపునుండి చదివినచో వేరొక చరిత్ర తెరచుకొనును. సంతలు, సుంకములు, బసలు, కూలి, ఊరూర మారిన భాషలు పరిశీలింపదగినవి. యజమాని వ్రాసినదానిలో సేవకుని జాడ తీయుటకు భాషపై సూక్ష్మదృష్టి అవసరము.

గ్రంథములు నశించుట, బ్రతుకుట కూడ సాంఘిక చరిత్రయే. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానమునకు చెందిన ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ 1887లో అచ్చైనప్పుడు కొన్ని పద్యములు విడువబడినవి. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో సమగ్రముగా పరిష్కరించి ప్రకటింపగా, ప్రభుత్వము 1911లో నిషేధించినది; ఆ నిషేధము 1947లో తొలగినది. ఈ ముద్రణములను ప్రక్కప్రక్కన నుంచి, ఏ పద్యము ఎచ్చట లోపించినదో పట్టిక వేయు విద్యార్థి, స్త్రీల విద్యనుగూర్చియు, నీతినిగూర్చియు ఆనాటి పెద్దలకు గల అభిప్రాయములను ఉపన్యాసములకంటె స్పష్టముగా చూపగలడు.

పత్రములకు అందని చరిత్రయు కలదు. ఉత్తర కోస్తా జిల్లాలనుండి బర్మాకు పోయిన తెలుగు కూలీలను అచ్చటివారు ‘కోరంగీ’లని పిలిచిరి, కోరంగి రేవు పేరు ఒక జనమునకే పేరైనది. రంగూను రేవులో 1930 మేలో తెలుగు కూలీలకును బర్మీయులకును ఘర్షణలు చెలరేగినవి; 1942లో జపాను దండయాత్రవలన వేలకొలది జనులు కాలినడకను స్వదేశమునకు మరలిరి. ఆనాడు పదేండ్ల బాలుడు నేడు తొంబదియేండ్లు దాటిన వృద్ధుడు. తాళపత్రము మరి కొన్నాళ్లు ఓపిక పట్టవచ్చును. ఈ సాక్షులు వేచియుండలేరు.

ఇది చరిత్రశాఖ పనియే కాని సాహిత్యశాఖ పని కాదని కొందరి ఆక్షేపణ. కాని గొలుసుకట్టు వ్రాతను చదువగలవారు, మాండలికపు నుడిని గుర్తింపగలవారు, పాఠభేదములను తూచగలవారు తెలుగు శాఖలో తయారు కావలసినవారే. విద్యార్థులకు అంత శక్తి యెక్కడిదను రెండవ ఆక్షేపణలో కొంత నిజమున్నది. శిక్షణ లేక విషయమును మాత్రము మార్చినచో వచ్చునది వింతల సంకలనమేగాని పరిశోధన కాదు.

కావున శిక్షణమే ముందు నడువవలెను. ఫసలి సంవత్సరమునకు 590 చేర్చినచో సుమారుగా క్రీస్తుశకము వచ్చునని తెలియనివాడు సిస్తు లెక్కను ఏ కాలమునకు చేర్చగలడు? పుట్టి, తూము ప్రాంతమునుబట్టి మారునని యెరుగనివాడు పంటను ఎట్లు పోల్చగలడు? పాత వ్రాతలు, కాలగణనము, కొలతలు, పారసీక జన్యములైన రెవిన్యూ పదములు ఒక అర్ధసంవత్సరము బోధింపవలెను. తంజావూరునుగూర్చి పనిచేయువానికి తమిళమో మరాఠీయో, కళింగసీమనుగూర్చి పనిచేయువానికి ఒడియాయో కొంత రావలెను. వివిధ భాషాశాఖలు ఒకే ప్రాంగణమున నున్న కేంద్రీయ విశ్వవిద్యాలయములలో ఇది కష్టము కాదు. ఒక శాఖ విద్యార్థి ప్రక్క శాఖ ఆచార్యుని ఆశ్రయించుటకు నిబంధనలు అనుమతించిన చాలును. మహానిబంధమునకు పూర్వము ఒక్క పత్రముపై నలువది పుటల వ్యాసము ప్రతి విద్యార్థియు వ్రాయవలెను. ఆ వ్యాసపు ప్రతి యొకటి ఏ ఊరినుండి ఆ పత్రము వచ్చినదో ఆ ఊరి గ్రంథాలయమునకు చేరవలెను. తమ చెరువు కథను ఊరివారు చదివి, తప్పున్నచోట దిద్దుదురు. పరీక్షకులు ఇరువురు మాత్రమే చదివి బీరువాలో మూసిన నిబంధమునకు ఆ లాభము లేదు.