రిమ్ము ఎక్కని టైరు



ఈ నెల వంటింటి సంగతులు, పెరటి సంగతులు ప్రక్కన పెట్టి సైకిలు సంగతి వ్రాస్తున్నాము. మా ఇంట్లో మూడు రోజులు జరిగిన గొడవకు కారణం ఒక టైరు. పట్నంలో ఉద్యోగాలు చేసే పిల్లలు కొనే గేర్ల సైకిళ్ళు ఇప్పుడు పల్లెలకు కూడా వస్తున్నాయి గనుక, ఈ గొడవ రేపు మీ వాకిట్లో కూడా జరగవచ్చు.

మా పెద్దవాడు హైదరాబాదులో రెండేళ్ళు తొక్కిన మౌంటెన్ సైకిలును చెల్లెలి కోసమని బస్సు మీద వేసి తెచ్చాడు. అమ్మాయి ఇంటర్‌లో చేరింది. కాలేజీ ఏడు కిలోమీటర్లు. బస్సు వేళలకూ కాలేజీ వేళలకూ పొత్తు కుదరదు. సోమవారం నుండి తరగతులు. సైకిలు చూసి అమ్మాయి పడిన సంతోషం ఇంతా అంతా కాదు. అయితే వెనుక టైరు ప్రక్కన కోసుకుపోయి ఉంది, మార్చక తప్పదు.

దాని చక్రాలకు ట్యూబు ఉండదు. మోటారు సైకిళ్ళకు ఉన్నట్లే ట్యూబ్‌లెస్ టైర్లు. టైరు అంచు రిమ్ముకు గట్టిగా పట్టుకొని గాలిని ఆపుతుంది. లోపల పాలవంటి ద్రవం పోస్తారు. ముల్లు గుచ్చుకుంటే ఆ రంధ్రంలోనికి ద్రవం వెళ్ళి, గడ్డకట్టి మూసివేస్తుంది. పల్లేరు కాయలున్న మన డొంకదారులకు ఇంతకంటె మంచి ఏర్పాటు లేదు. మౌంటెన్ సైకిలు 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా కొండల్లో పుట్టింది. అక్కడి పడమటి రాష్ట్రాలలో కూడా మన పల్లేరే ఉంది, దానిని వాళ్ళు మేకతల అంటారు! ఆ ముళ్ళ బాధ పడినవారికి ఈ ద్రవం విలువ బాగా తెలుసు.

శుక్రవారం సాయంత్రం క్రొత్త టైరు వేయడానికి కూర్చున్నాము. టైరు అమ్మిన దుకాణంవారు (పేరెందుకు గాని) రిమ్ము లోపల వేయడానికి మందపాటి గుడ్డ టేపు కూడా ఇచ్చి, ఏదైనా ఒకటే అన్నారు. నమ్మి వేశాము. ఒక ప్రక్క అంచు ఎలాగో ఎక్కింది. రెండవ ప్రక్క జానెడు మిగిలింది. ఆ జానెడు దగ్గర మేమూ అబ్బాయీ గంటన్నర కుస్తీ పట్టాము. బొటనవ్రేళ్ళ చర్మం లేచిపోయింది. ఇటు ఎక్కిస్తే అటు జారుతుంది, అటు నొక్కితే ఇటు వస్తుంది. చివరకు ఓపిక నశించి, అబ్బాయి వద్దంటున్నా వినక, స్క్రూడ్రైవరు దూర్చాము. టేపు చిరిగింది. అల్యూమినియం రిమ్ము అంచు గోరంత వంగింది. టైరు మాత్రం ఎక్కలేదు.

అప్పుడు వాడి మీద కేకలు వేశాము. ఇంత డబ్బు పోసి పల్లెకు పనికిరాని వస్తువు కొన్నావన్నాము. వాడు మాట్లాడలేదు. అమ్మాయి మాత్రం, “పోనీలే నాన్నా, ఆటోలో వెళ్తాను” అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

తెల్లవారి చక్రం పట్టుకొని సెంటర్లోని సైకిలు షాపు పెద్దాయన దగ్గరకు వెళ్ళాము. ఆయన నలభై ఏళ్ళుగా నల్ల సైకిళ్ళకు పంచర్లు వేస్తున్నాడు. ట్యూబు లేని సైకిలు చక్రాన్ని ఎన్నడూ చూడలేదు. అయినా ఒక నిమిషం త్రిప్పి చూసి, “మాస్టారూ, మీరు ఈ జానెడు చూస్తున్నారు. టైరును పట్టుకున్నది ఇక్కడ కాదు, ఎదురు ప్రక్క” అన్నాడు.

ఇక్కడే అసలు సంగతి ఉంది గనుక కొంచెం వివరంగా వ్రాస్తాము. టైరు అంచులో ఉక్కు తీగ గాని, గట్టి నార గాని ఉంటుంది. అది సాగదు, సాగకూడదు కూడా. సాగితే గాలి నిండగానే టైరు ఊడి వచ్చేస్తుంది. రిమ్ము లోపలి భాగం చూడండి. రెండు ప్రక్కలా అరుగులవంటి గట్లు, నడుమ గాడి ఉంటాయి. గాలి నిండాక అంచు కూర్చోవలసింది అరుగు మీద. ఎక్కించేటప్పుడు ఉండవలసింది గాడిలో. గాడి అరుగు కంటె 3 మిల్లీమీటర్లు లోతు ఉన్నదనుకోండి. వ్యాసంలో 6 మిల్లీమీటర్లు, చుట్టుకొలతలో దాదాపు 19 మిల్లీమీటర్లు తేడా వస్తుంది. చివరి జానెడు ఎక్కడానికి మనకు కావలసిన వదులు అదే. ఎదురు ప్రక్క అంచు గాడిలోనుండి లేచి అరుగు మీద కూర్చుంటే, ఆ వదులు అంతా అక్కడ చిక్కుకుపోతుంది. ఇవతల ఎంత బలం పెట్టినా రాదు.

మందపాటి టేపు చేసే కీడు కూడా ఇదే. గాడి అడుగు ఒక మిల్లీమీటరు పైకి లేస్తే చుట్టుకొలతలో 6 మిల్లీమీటర్లు పోయినట్లే. పెద్దాయన గుడ్డ టేపును పీకి అవతల పారేశాడు. అబ్బాయి స్నేహితుడు హైదరాబాదు నుండి బస్సు పార్సిల్లో ట్యూబ్‌లెస్ చక్రాలకు వేసే పలుచని టేపు పంపాడు. అది ఆదివారం ఉదయానికి చేరింది. వంగిన అంచును పెద్దాయన చెక్కముక్క అడ్డం పెట్టి మెల్లగా సరిచేశాడు.

రిమ్మును స్పిరిట్‌తో తుడిచి, టేపును బాగా లాగి పట్టి, ఒక గోడ నుండి ఇంకొక గోడ వరకు ఆనేటట్లు చుట్టాము. రెండు కొసలు జానెడు ఒకదానిమీద ఒకటి పడాలి. వాల్వు కోసం సన్నని మొనతో చిన్న రంధ్రమే చేయాలి, పెద్దదైతే అక్కడే గాలి పోతుంది. మడతపెట్టి అమ్మిన క్రొత్త టైరును కాసేపు ఎండలో పెడితే మెత్తబడుతుంది. టైరు ప్రక్కన బాణం గుర్తు ఉంటే అది చక్రం తిరిగే దిశను చూపాలి. ఇది మరచి, కష్టపడి ఎక్కించిన టైరును మళ్ళీ ఊడదీసినవారున్నారు.

పని వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. వాల్వు అడుగున రబ్బరు దిమ్మ గాడిని నింపేస్తుంది గనుక అక్కడ అంచు గాడిలోనికి దిగదు. మేము శుక్రవారం సరిగ్గా తలక్రిందులుగా చేశాము. రెండవ అంచుకు సబ్బునీళ్ళు రాయాలి. నూనె, గ్రీజు, కిరోసిను వద్దు, అవి రబ్బరును పాడుచేస్తాయి. బిగువు రాగానే ఆగి, ఎదురు ప్రక్కకు వెళ్ళి, రెండు అంచులనూ చిటికెలతో నొక్కి గాడిలోనికి దించుతూ, చేతులతో టైరును రెండు ప్రక్కల నుండి వాల్వు వైపుకు దువ్వుతూ రావాలి. ఇలా రెండుమూడు సార్లు చేస్తే ఆ జానెడు బెత్తెడవుతుంది. ఎక్కించిన చోటు మళ్ళీ జారకుండా రెండు ప్రక్కలా నవారు ముక్కలతో టైరును రిమ్ముకు కలిపి కట్టాడు పెద్దాయన. మాకు అన్నిటికంటె నచ్చిన ఉపాయం ఇది. చివర్న లీవరు కావలసి వస్తే ప్లాస్టిక్‌దే వాడాలి, అది కూడా కొంచెం కొంచెంగా.

మాకు లీవరు అవసరమే రాలేదు. అమ్మాయి బొటనవ్రేళ్ళతోనే అది ‘టప్’మని ఎక్కింది. శుక్రవారం ఇద్దరు మగవాళ్ళు చేయలేనిది!

ఈ గాడి ఉపాయం క్రొత్తది కాదు. బెల్‌ఫాస్టు పశువైద్యుడు డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి కోసం గాలి టైరు చేశాడు. ఆ తొలి టైర్లను అతికించేవారు గనుక పంచరు పడితే విప్పడం పెద్ద పని. 1890లో వెల్చ్ అనే ఇంగ్లండు దేశస్థుడు సాగని తీగ అంచునూ, నడుమ గాడి ఉన్న రిమ్మునూ పేటెంటు చేశాడు. మన పెద్దాయన నల్ల సైకిలు మీద నేర్చుకున్నది ఆ విద్యే. ట్యూబ్‌లెస్ వచ్చి బిగువు పెరిగింది, అంతే.

ఇక గాలి. ముందు వాల్వు లోపలి పిన్ను విప్పి, ద్రవాన్ని అందులోనుండి పోయాలి. ఇలాంటి టైరుకు 100 మిల్లీలీటర్ల చుట్టుప్రక్కల పడుతుంది. అంచులు అరుగుల మీదికి ఎక్కాలంటే గాలి ఒక్క ఊపున వెళ్ళాలి. పిన్ను లేకుండా కొడితే త్వరగా వెళుతుంది. ‘టప్ టప్’మని శబ్దాలు వస్తే భయపడవద్దు, అంచులు ఎక్కుతున్నాయన్నమాట. తరువాత పిన్ను బిగించి, సరిపడా గాలి కొట్టి, ద్రవం అంతటా అంటుకునేలా చక్రాన్ని అన్ని వైపులా త్రిప్పాలి.

ఒక్క హెచ్చరిక. ట్రాక్టరు టైర్లకు కొట్టే కంప్రెసరు దగ్గరకు ఈ చక్రాన్ని తీసుకెళ్ళేవారు మీటరు మీదనుండి కన్ను తీయకూడదు. టైరు మీద, రిమ్ము మీద వ్రాసిన గరిష్ఠ అంకెలలో ఏది తక్కువైతే దానిని దాటకూడదు. తొక్కడానికి ఈ టైర్లకు సాధారణంగా 20 నుండి 30 పౌండ్లే చాలు. అంచు ఎక్కలేదని ఇంకా ఇంకా కొడితే టైరు పేలినట్లు ఊడి వస్తుంది, కళ్ళకూ చెవులకూ ప్రమాదం. గాలి తీసి, మళ్ళీ సబ్బునీళ్ళు రాసి మొదలుపెట్టండి. అలాగే ట్యూబు కోసం చేసిన పాత ఇనుప రిమ్ములతో ఈ ప్రయోగం వద్దు.

ద్రవం కొన్ని నెలలకే ఎండిపోతుంది, మన ఎండలకు ఇంకా త్వరగా. ఈ సైకిలు ముందు చక్రం విప్పి చూస్తే లోపల ఎండిన పొరలే మిగిలాయి. అందులోనూ క్రొత్త ద్రవం పోసి, తేదీని రిమ్ము మీద చిన్న కాగితంతో అంటించాము. దారిలో అవసరమైతే వేసుకోవడానికి ఒక ట్యూబు, రెండు లీవర్లు, చిన్న పంపు సీటు క్రింది సంచిలో పెట్టాము. ట్యూబు వేసే ముందు టైరు లోపల గుడ్డతో తడమాలి. ద్రవం మూసిన ముళ్ళ మొనలు అక్కడే ఉంటాయి, ట్యూబును అవే పొడుస్తాయి.

ఆదివారం రాత్రి అబ్బాయి హైదరాబాదు బస్సెక్కాడు. ఎక్కే ముందు వాడితో, “తప్పు నాది రా” అన్నాము. వాడు నవ్వి, “గుడ్డ టేపుది నాన్నా” అన్నాడు.

సోమవారం అమ్మాయి సైకిలు మీదే కాలేజీకి వెళ్ళింది. సాయంత్రం వచ్చి వెనుక టైరు చూపించింది. రెండు పల్లేరు కాయలు గుచ్చుకొని ఉన్నాయి. పీకితే చిన్న తెల్లని చుక్కలు వచ్చి ఆగిపోయాయి.