మోటారు సైకిలు వేడెక్కితే తప్పు సూర్యుడిదేనా?



మే నెలలో మన నిజామాబాదులో పగటి ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరడం మీకు తెలిసిందే. అలాంటి మధ్యాహ్నాల్లో బోధన్ రోడ్డు మీద పాల క్యాన్లు కట్టుకునో, ఎరువుల బస్తా వేసుకునో పోయే మోటారు సైకిలు దారి మధ్యలో మొరాయించడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఇంజనులో టకటకమని చప్పుడు వస్తుంది. బండి లాగదు. గేరు సరిగా పడదు. బండి యజమాని నుదుటి చెమట తుడుచుకుని, "ఏం జేస్తం, ఎండలు గట్లున్నయి" అంటాడు. చుట్టూ ఉన్న నలుగురూ తలలు ఊపుతారు.

ఎండ వాటా ఉన్నమాట నిజమే. కాని నేరమంతా సూర్యుడి మీదకు తోసెయ్యడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఎందుకో లెక్క వేసి చూద్దాం. మీరు తొమ్మిదో తరగతి, పదో తరగతి భౌతికశాస్త్రంలో చదివే పాఠాలు ఇందుకు సరిపోతాయి.

ఇంజనులో ఎంత వేడి?

లీటరు పెట్రోలుకు 60 కిలోమీటర్లు ఇచ్చే బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. గంటకు లీటరులో మూడింట రెండు వంతుల పెట్రోలు ఖర్చవుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ల శక్తి వస్తుంది. మూడింట రెండు వంతులకు 2 కోట్ల 10 లక్షల జౌళ్ల పైచిలుకు. గంటకు 3,600 సెకన్లు. భాగించండి. సెకనుకు దాదాపు 5,900 జౌళ్లు, అంటే 5,900 వాట్లు!

ఇందులో బండిని నడిపేది సుమారు నాలుగో వంతు. మిగిలిన 4,400 వాట్లు ఉత్త వేడి. బకెట్లో నీళ్లు కాచే వెయ్యి వాట్ల హీటరు కడ్డీలు నాలుగింటిని ఒకేసారి వెలిగించినట్టు! ఇందులో చాలా భాగం సైలెన్సర్ గుండా పొగతో పాటు పోతుంది. మిగతాది ఇంజను ఒంటిలోకి చేరుతుంది.

మరొక వింత చూడండి. సిలిండరులో మండే వాయువుల ఉష్ణోగ్రత 2,000 డిగ్రీలు దాటుతుంది. పిస్టను అల్యూమినియం మిశ్రలోహంతో చేసినది. శుద్ధమైన అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. మరి పిస్టను ఎందుకు కరగడం లేదు? వచ్చిన వేడిని వచ్చినట్టే ఎవరో మోసుకుపోతున్నారు కాబట్టి. సిలిండరు చుట్టూ ఉన్న పలుచని లోహపు రెక్కలు ఆ వేడిని గాలికి ఇస్తాయి. ఇంజను లోపల, గాలి చొరలేని చోట్ల, ఆ మోత పని చేసేది ఇంజన్ ఆయిలే.

నూనె అంటే రాపిడి తగ్గించే కందెన అని మాత్రమే మనం అనుకుంటాం. అది కూలివాడు కూడా. పిస్టను, బేరింగుల దగ్గర వేడిని ఎత్తుకుని, కిందికి దిగి, ఇంజను గోడలకు అప్పగించి మళ్లీ పైకి పోతుంది. 100 సి.సి. బండిలో ఈ కూలివాడు ఉండేది ఒక లీటరు, అంతే. అందులో మూడో వంతు తగ్గిపోతే మిగిలిన నూనె అదే బరువును మోయాలి. దానికి విశ్రాంతి తక్కువ, తిరుగుడు ఎక్కువ. వేడెక్కక ఏం చేస్తుంది?

ఎండ వాటా ఎంత?

వేడి వస్తువు ఎంత వేగంగా చల్లారుతుందన్నది దానికీ చుట్టూ ఉన్న గాలికీ మధ్య గల ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుందని న్యూటన్ చెప్పాడు. చలికాలం మధ్యాహ్నం గాలి 30 డిగ్రీలు, ఇంజనులో నూనె 110 డిగ్రీలు అనుకుందాం. తేడా 80. మే నెలలో గాలి 45 డిగ్రీలైతే అంతే వేడిని వదలడానికి అదే 80 తేడా కావాలి. కాబట్టి నూనె సుమారు 125కు చేరి అక్కడ నిలుస్తుంది. గాలి 15 డిగ్రీలు పెరిగితే నూనె కూడా ఇంచుమించు 15 డిగ్రీలు పెరిగిందన్నమాట.

పత్రికల్లో వేసే ఉష్ణోగ్రత నీడ కొలత అని గుర్తుంచుకోండి. తెల్లరంగు వేసి, గాలి ఆడేలా చేసిన చెక్కపెట్టెలో ఉంచిన ఉష్ణమాపకం చెప్పే అంకె అది. ఎండలో కాగిన తారురోడ్డు 60 డిగ్రీలు దాటుతుంది. రోడ్డుకు జానెడు ఎత్తులో ఉండే ఇంజనుకు తగిలే గాలి పత్రికలో చెప్పిన దానికంటే వేడిగానే ఉంటుంది.

మంచి నూనె 125 డిగ్రీలను తట్టుకోగలదు. నిజానికి నూనె మరీ చల్లగా ఉన్నా మంచిది కాదు. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి కొంత నూనెలో చేరుతుంది. నూనె బాగా కాగితేనే ఆ తేమ ఎగిరిపోతుంది. కాబట్టి వేడిని చూసి భయపడనక్కరలేదు. అది హద్దు దాటకుండా చూసుకోవాలి.

ఎండ మనకున్న వెసులుబాటులో 15 డిగ్రీలు ముందే తినేసింది. ఆ పైన మనం చేసే అశ్రద్ధకు ఇక చోటు లేదు. చలికాలంలో చెల్లిపోయిన అశ్రద్ధే వేసవిలో ఇంజనును పట్టేస్తుంది. నేను చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

బెల్లం పాకం చెప్పే పాఠం

వేడెక్కిన నూనెకు రెండు కష్టాలు వస్తాయి. మొదటిది, పలచబడటం. దీన్నే స్నిగ్ధత తగ్గడం అంటాం. 20డబ్ల్యు-40 రకం నూనెకు 40 డిగ్రీల దగ్గర ఉన్న స్నిగ్ధతలో 100 డిగ్రీలకు మిగిలేది సుమారు ఎనిమిదో వంతు. మరీ పలచబడితే లోహానికీ లోహానికీ మధ్య ఉండవలసిన నూనె పొర తెగిపోతుంది. ఆ టకటక చప్పుడుకు అదొక కారణం.

రెండవది, ముసలితనం. వేడి నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నల్లబడి, చిక్కబడి, జిగురు కడుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రంలో ఒక అందాజు లెక్క ఉంది. 15 డిగ్రీలు పెరిగితే? దాదాపు మూడు రెట్లు! చలికాలంలో మూడు నెలల్లో వచ్చే ముసలితనం వేసవిలో నెలకే వస్తుంది.

చెరకు పండే ఊళ్ల పిల్లలకు ఇది సులువుగా అర్థమవుతుంది. బెల్లం వండేవారు పాకాన్ని సుమారు 115 నుంచి 120 డిగ్రీల మధ్య దింపుతారు. కాస్త ఆలస్యమైతే పాకం మాడి నల్లబడుతుంది. ఎండాకాలంలో మీ ఇంటి బండిలో నూనె కూడా అంత వేడిలోనే గంటల తరబడి తిరుగుతూ ఉంటుంది.

బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. 2015లో అది మూతపడింది. అందులో పనిచేసిన తాతలు మీ వాడలో ఉంటే చక్కెర పాకాన్ని ఎలా కాచేవారో అడగండి. చక్కెర మిల్లుల్లో పాకాన్ని మూసిన పాత్రలో పెట్టి, లోపలి గాలిని లాగేసి, పీడనం తగ్గిస్తారు. పీడనం తగ్గితే మరిగే ఉష్ణోగ్రతా తగ్గుతుంది. పాకం 70 డిగ్రీల లోపే మరుగుతుంది, మాడదు. ఇంగ్లండులో ఎడ్వర్డ్ హోవర్డ్ 1813లో ఈ పద్ధతికి పేటెంటు పొందాడు. వేడిని అదుపులో పెడితే సరుకు చెడదన్న సూత్రం మన జిల్లాకు కొత్త కాదు. కర్మాగారంలో పాటించిన ఆ జాగ్రత్త మన వాకిట్లో నిలబెట్టిన బండి దగ్గర ఎందుకు పాటించం?

చేయవలసినవి, చేయకూడనివి

మొదటిది, మట్టి. నల్లరేగడి పొలాల్లోంచి వచ్చే బండ్ల ఇంజను రెక్కల మధ్య బురద పేరుకుని గట్టిపడుతుంది. మట్టి మంచి ఉష్ణవాహకం కాదు. మే నెలలో ఇంజనుకు దుప్పటి కప్పినట్టే. ఇంజను చల్లారాక కడిగి, మెత్తని కుంచెతో ఆ మట్టిని తీసెయ్యాలి. గాలికి అడ్డుగా ఇంజను ముందు సంచులు, రేకులు కట్టరాదు.

రెండవది, గాలి. రెక్కలకు కదిలే గాలి కావాలి. గాంధీ చౌక్ దగ్గర బండ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు, రైలు గేటు పడినప్పుడు ఇంజను నడుస్తూనే ఉంటే వేడి పుడుతూనే ఉంటుంది, పోయే దారి ఉండదు. ఒక నిమిషానికి మించి ఆగవలసి వస్తే ఇంజను ఆపెయ్యడం మంచిది. పెట్రోలు కూడా మిగులుతుంది.

మూడవది, కొలత. ఇంజనులో నూనె ఎంత ఉందో చూపే పుల్ల ఒకటి ఉంటుంది. దాని మీద రెండు గీతలు ఉంటాయి. బండిని చదునైన నేల మీద నిలువుగా నిలబెట్టి, ఇంజను ఆపిన కొన్ని నిమిషాల తర్వాత, బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పినట్టు చూడాలి. నూనె ఆ రెండు గీతల మధ్య ఉండాలి. కింది గీతకు దిగితే ప్రమాదం. పై గీత దాటించి పోసినా ప్రమాదమే, నూనె చిలికినట్టై నురుగు కడుతుంది. కొన్ని బండ్లకు పుల్లకు బదులు చిన్న గాజు కిటికీ ఉంటుంది.

ఇక చేయకూడనివి. బండి వేడెక్కిందని ఇంజను మీద చన్నీళ్లు గుమ్మరించవద్దు. ఒక్కసారిగా ఒకవైపు సంకోచించిన లోహం పగుళ్లు వేయవచ్చు. నీడలో ఆపి పావుగంట ఆగితే చాలు.

"ఎండాకాలం గదా, చిక్కటి నూనె పోయించు" అని సలహా ఇచ్చే పెద్దలున్నారు. వారి మాటలో కొంత తర్కం ఉంది. నూనె పలచబడుతుంది కాబట్టి ముందే చిక్కగా ఉండాలన్నది వారి ఆలోచన. కాని అవసరానికి మించి చిక్కనైన నూనె ఇంజను మొదలైనప్పుడు పైభాగానికి ఆలస్యంగా చేరుతుంది. దాన్ని తిప్పడానికే అదనపు శక్తి ఖర్చయి, ఆ శక్తి మళ్లీ వేడిగా మారుతుంది. వేడి ప్రాంతాలకు వేరే రకం వాడవచ్చని పుస్తకంలో ఉంటే వాడాలి, లేకపోతే చెప్పిన రకమే వాడాలి. కారు నూనె మిగిలిందని పోయవద్దు. చాలా మోటారు సైకిళ్లలో క్లచ్ పలకలు కూడా ఇదే నూనెలో మునిగి ఉంటాయి. కొన్ని కారు నూనెలతో అవి జారిపోతాయి.

కిలోమీటర్లు చాలవు

నూనె ఎప్పుడు మార్చాలో కిలోమీటర్లలో రాసి ఉంటుంది. కాని కిలోమీటర్ల మీటరుకు ఎండ తెలియదు, బరువు తెలియదు. ఊరూరా ఆగుతూ, చిన్న గేర్లలో, రెండు నిండు క్యాన్లతో తిరిగే పాల బండికి 30 కిలోమీటర్లు, ఒక్క మనిషి తిన్నగా బోధన్ వెళ్లి వచ్చే 50 కిలోమీటర్ల కంటే ఎక్కువ భారం. అందుచేత వేసవిలో బరువులు మోసే బండ్లకు చెప్పిన గడువు కంటే ముందే నూనె మార్చాలని నా వాదన. ఒక లీటరు నూనె ఖర్చు, పట్టేసిన ఇంజనును బాగుచేయించే ఖర్చులో చిన్న భాగం. పైగా ఆ బండి ఆగితే ఆ రోజు పాలు పుల్లబడతాయి, ఇంటికి కూలి రాదు. తీసిన పాత నూనెను కాలువలో పారబోయనివ్వకండి. నిజాంసాగర్ కాలువ నీరు పొలాలకు పోయే నీరు. మెకానిక్ దగ్గరి డబ్బాలో వేయించండి.

మీకు 18 ఏళ్లు నిండలేదు, గేర్ల బండి నడపకూడదు. కాని కొలిచి చూడటానికి వయసు అడ్డు కాదు. ఈ ఆదివారం ఉదయం ఇంట్లో పెద్దల అనుమతితో, చల్లారిన ఇంజను దగ్గర నూనె పుల్ల తీసి చూడండి. నూనె ఏ గీత దగ్గర ఉంది, రంగు ఎలా ఉంది, కిందటిసారి ఎప్పుడు మార్చారు, రెక్కల మధ్య మట్టి ఉందా అన్న నాలుగు విషయాలు నోటు పుస్తకంలో రాయండి. వర్షాలు పడేదాకా ప్రతి ఆదివారం ఇలాగే చేయండి. నూనె గీత కిందికి దిగుతుంటే ఆ కాగితాన్ని నాన్నకో, బాబాయికో చూపించండి. "ఎండలు గట్లున్నయి" అన్న మాటకు మీ దగ్గర కొలిచిన జవాబు ఉంటుంది.