గేటు కెమెరాకు కరెంటు ఎక్కడిది?

చింతలపూడి, జంగారెడ్డిగూడెం, ఏలూరు శివారు కాలనీలు ఎటు వెళ్లినా కొత్తగా కట్టిన ఇళ్ల గేటు స్తంభం మీద, ఇదివరకు కాలింగ్ బెల్లు స్విచ్ ఉండే చోట, కెమెరా ఉన్న బెల్లు కనబడుతోంది. నొక్కితే లోపల గంట మోగుతుంది, దాంతోపాటే హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్న కొడుకు ఫోనూ మోగుతుంది. చాలా ఇళ్లలో దీన్ని కొనిపెట్టేది పిల్లలు, వాడాల్సింది పెద్దలు. పామాయిల్ తోటో కోకో తోటో చూసుకుంటూ ఊళ్లోనే ఉండిపోయిన తల్లిదండ్రుల గుమ్మం ముందుకు ఎవరొచ్చారో దూరాన ఉన్నవాళ్లు తెలుసుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే కొనేటప్పుడు అందరూ అడిగేది బొమ్మ ఎంత స్పష్టంగా వస్తుంది, రాత్రిపూట కనబడుతుందా, తెలుగులో మాట్లాడవచ్చా అనే. దానికి కరెంటు ఎక్కడినుంచి వస్తుందని అడిగేవాళ్లు తక్కువ. వీడియో డోర్‌బెల్ ముందుగా కరెంటు పని, ఆ తర్వాతే కెమెరా పని అని నా అభిప్రాయం. గేటు దాకా తక్కువ వోల్టేజీ తీగ, ఇన్వర్టర్ లైను మీద రూటరు ఉండాలి. ఈ రెండూ లేని ఇంట్లో ఆ కెమెరా ఇచ్చేది రక్షణ కాదు, రక్షణ ఉందన్న నమ్మకం మాత్రమే. అవసరం వచ్చిన రాత్రి ఆ నమ్మకం అక్కరకు రాదు.

ఈ పరికరం రూపుదిద్దుకున్నది అమెరికా ఇళ్ల కోసం. 2013లో జేమీ సిమినాఫ్ ‘డోర్‌బాట్’ పేరుతో దీన్ని అక్కడి ‘షార్క్ ట్యాంక్’ టీవీ కార్యక్రమంలో పెట్టుబడిదారులకు చూపించాడు. తర్వాత అదే ‘రింగ్’ అయింది, 2018లో అమెజాన్ దాన్ని కొనేసింది. అక్కడి ఇళ్లలో కాలింగ్ బెల్లుకు 16 నుంచి 24 వోల్టుల ఏసీ ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉండటం దశాబ్దాల నాటి రివాజు. పాత స్విచ్ విప్పి, ఆ రెండు తీగలే కొత్త బెల్లుకు తగిలిస్తే సరిపోతుంది. మన ఇళ్లలో ఆ ట్రాన్స్‌ఫార్మర్ లేదు. బోర్డు నుంచి బయల్దేరిన 230 వోల్టుల ఫేజు తీగే గేటు దాకా వెళ్లి, స్విచ్ గుండా తిరిగొచ్చి లోపలి బెల్లును మోగిస్తుంది. పెట్టెలోని కాగితంలో పాత బెల్లు తీగలకు కలపమని రాసి ఉంది కదా అని అలాగే కలిపితే కొత్త పరికరం మాడిపోతుంది. పోనీ అక్కడే ఒక అడాప్టర్ పెట్టి వోల్టేజీ తగ్గిద్దామంటే, స్విచ్ దగ్గర ఉన్నవి ఫేజు పోయే తీగ, వచ్చే తీగ మాత్రమే. న్యూట్రల్ ఉండదు. దాన్ని కొత్తగా లాగాలి. గోడకు ఎప్పుడో సున్నాలు, రంగులు అయిపోయాక ఈ సంగతి బయటపడితే ఎలక్ట్రీషియన్ చేసే పని ఒకటే, పైపు లేకుండా గోడ వెంబడి తీగ లాగి మేకులు కొట్టడం. రెండు వర్షాకాలాలు గడిచేసరికి ఆ తీగ పై తొడుగు పగులుతుంది.

అసలు గేటు స్తంభం మీద 230 వోల్టులు ఉండటమే మంచిది కాదు. వానకు తడిసే సిమెంటు స్తంభం, దాన్ని ఆనుకుని ఇనుప గేటు, తడి కాళ్లతో వచ్చి బెల్లు నొక్కే పాలవాడో బడి పిల్లలో ఉంటారు. స్విచ్‌లోకి నీరు దిగితే జరగరానిది జరగడానికి కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి. కరెంటు లీకైతే లైను తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో అది వెంటనే పడిపోయి ప్రాణం కాపాడుతుంది. కానీ అది లేని ఇళ్లు, ఎర్తింగు సరిగా లేని ఇళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. కనుక వీడియో బెల్లు పెట్టుకోవాలన్న ఆలోచన వస్తే, గేటు దగ్గరున్న ఆ 230 వోల్టులను ఇంటి లోపలికి వెనక్కి లాక్కోవడానికి అదే మంచి అవకాశం. అడాప్టరో ట్రాన్స్‌ఫార్మరో ఇంటి లోపలే, పొడిగా ఉన్నచోట పెట్టి, గేటుకు తక్కువ వోల్టేజీ మాత్రమే పంపాలి. కెమెరా మాట పక్కన పెట్టినా, ఈ ఒక్క మార్పు చేయించుకోదగ్గదే.

ఆ తక్కువ వోల్టేజీ ఎంత అన్నదాంట్లోనూ మెలిక ఉంది. చాలామంది ఫోను ఛార్జర్ లాంటి ఐదు వోల్టుల అడాప్టర్‌ను హాల్లో గుచ్చి, సన్నని తీగ గేటు దాకా లాగుతారు. మన ఇళ్లు వీధి అంచున కట్టినవి కావు. గేటు దాటాక వాకిలి, ఆ తర్వాత వరండా, ఆ తర్వాతే హాలు. అడాప్టర్ నుంచి గేటు స్తంభానికి 15 మీటర్లనుకుందాం. తీగ పోయిరావాలి గనుక మొత్తం 30 మీటర్లు. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ 30 మీటర్లకు సుమారు ఒక ఓమ్ నిరోధం ఉంటుంది. కెమెరా ఒక ఆంపియర్ తీసుకునే క్షణంలో ఆ తీగలోనే ఒక వోల్టు పోతుంది. గేటుకు చేరేది నాలుగు వోల్టులే. పగలు ఎలాగోలా నడుస్తుంది. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి కరెంటు ఎక్కువ కావలసిన వేళకు ఆగిపోయి మళ్లీ మొదలవుతుంటుంది. యజమాని కంపెనీని తిట్టుకుంటాడు, వైఫైని తిట్టుకుంటాడు, తీగను మాత్రం అనుమానించడు. అదే 24 వోల్టుల మోడల్ అయితే అదే ఐదు వాట్లకు 0.2 ఆంపియర్ చాలు, అదే తీగలో పోయేది 0.2 వోల్టు. ఇంకా మంచిది ఇంటర్నెట్ కేబుల్ ద్వారానే కరెంటు కూడా వెళ్లే పద్ధతి. 48 వోల్టుల దగ్గర, 15 వాట్ల దాకా, డేటా, కరెంటు రెండూ ఒకే తీగలో గేటుకు చేరతాయి. వైఫై రెండు ఇటుక గోడలు, ఒక ఇనుప గ్రిల్లు దాటి గేటు దాకా రావాలన్న బాధ కూడా ఉండదు. ఇల్లు కట్టేటప్పుడే గేటు స్తంభానికి ఒక పైపు వదిలితే ఇదంతా గంటలో అయ్యే పని.

ఇంత గొడవ ఎందుకు, బ్యాటరీ మోడల్ ఉంది కదా అని అడుగుతారు. సరైన ప్రశ్నే. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు, గోడకు చిల్లు పెట్టనివ్వని అపార్ట్‌మెంటువాళ్లకు అదొక్కటే దారి, వాళ్ల వరకు నేనూ ఒప్పుకుంటాను. సొంతిల్లు ఉండి, అందులో వయసు మీదపడ్డ ఇద్దరే ఉంటే మాత్రం బ్యాటరీ సరిపడదు. పెట్టె మీద రాసే ఐదారు నెలలు రోజుకు కొద్దిసార్లు మాత్రమే కెమెరా మేలుకుంటుందన్న లెక్క మీద వేసినవి. ఆ కెమెరా ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది. ముందు ఏదైనా కదిలితే వేడిని పసిగట్టే సెన్సర్ దాన్ని లేపుతుంది. మన వీధిలో ఆవు కదులుతుంది, ఆటో కదులుతుంది, పామాయిల్ గెలల ట్రాక్టరు కదులుతుంది. లేచిన ప్రతిసారీ బ్యాటరీ కరుగుతుంది, ఆరు నెలలు ఆరు వారాలవడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. పైగా లేవడానికి పట్టే ఆ ఒకటి రెండు సెకన్లలో గేటు దగ్గరకు వచ్చినవాడి ముఖం పోయి వీపు మాత్రమే దొరుకుతుంది. ఇక ఎండ సంగతి. లిథియం బ్యాటరీకి వేడి శత్రువు, 45 డిగ్రీలు దాటాక ఛార్జింగ్ పెట్టడం దానికి మంచిది కాదు. మెట్ట ప్రాంతంలో మే నెలలో పడమటి ఎండ తగిలే స్తంభం మీద నల్లటి ప్లాస్టిక్ డబ్బా లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించుకోవచ్చు. అన్నిటికంటే పెద్ద చిక్కు మనిషిది. చిన్న స్క్రూ విప్పి, డబ్బా ఊడదీసి, గంటల తరబడి ఛార్జింగ్ పెట్టి, మళ్లీ బిగించడం డెబ్బై ఏళ్ల మనిషికి అప్పగించే పనేనా? వచ్చే సంక్రాంతికి కొడుకు వచ్చి చేస్తాడంటే, ఆలోపు నెలల తరబడి ఆ కెమెరా గోడకు అతికించిన బొమ్మే.

తీగ ఉన్నా కరెంటు పోతే ఏమవుతుందన్నది తర్వాతి ప్రశ్న, మన ప్రాంతంలో ఇది చిన్న ప్రశ్న కాదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి లేస్తే మామిడికాయలతోపాటు కరెంటు తీగలూ నేల రాలతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు కొల్లేరుకు చేరి లంక గ్రామాలను చుట్టుముట్టింది. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఇలాంటి రోజుల్లో దూరాన ఉన్న పిల్లలకు తల్లిదండ్రుల సంగతి తెలియడమే ముఖ్యం, సరిగ్గా అప్పుడే కెమెరా కళ్లు మూసుకుంటుంది. కారణం చాలాసార్లు కెమెరా కాదు, హాల్లో ఉన్న రూటరు. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, లైట్లు ఉంటాయి, రూటరు మాత్రం టీవీ పక్కన మామూలు ప్లగ్గులో ఉంటుంది. బ్యాటరీ కెమెరా కొన్నవాళ్లు కూడా ఇది గమనించరు. బెల్లుకు ప్రాణం ఉన్నా, దాని మాట బయటికి చేర్చే రూటరు చచ్చిపోతే ఫోనుకు ఏమీ రాదు. లెక్క వేసి చూడండి. కెమెరాకు ఐదు వాట్లు, రూటరుకు పది వాట్లు, మొత్తం 15. పాత రకం సీలింగ్ ఫ్యాను ఒక్కటే 75 వాట్లు తింటుంది. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు ఉంటాయి. నష్టాలు, పాతబడటం తీసేసి సగమే మిగిలిందన్నా, ఈ రెండింటినీ రెండు రోజులకు పైగా నడుపుతుంది. ఖర్చూ భారం కాదు. ఐదు వాట్ల కెమెరా నెలంతా నడిస్తే 3.6 యూనిట్లు, యూనిట్ ఆరు రూపాయలనుకున్నా 22 రూపాయలు. ఇంటికి కాపలా మనిషిని పెట్టుకుని రాత్రి భోజనం సంగతి మరిచిపోయినట్టుంది, రూటరును ఇన్వర్టర్ మీద పెట్టకుండా కెమెరా కొనడం.

బిగించే చోటు గురించి కొంత చెప్పాలి. నాలుగడుగుల ఎత్తు చాలు, అంతకంటే పైకి పోతే నడినెత్తి కనబడుతుంది తప్ప ముఖం కాదు. వరండా నీడలో పెట్టి ఎండలోకి చూపిస్తే వచ్చినవాళ్ల ముఖం నల్లగా నీడలా వస్తుంది. వెలుగు నీడలను సరిచేసుకునే కెమెరా అయినా కొంత మేరకే సాయం చేస్తుంది. చెరువులు, వరి పొలాలు దగ్గరున్న కొల్లేరు వైపు ఊళ్లలో మరో బెడద ఉంది. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకు పురుగులు ముసురుతాయి, వాటి కోసం సాలీడు వచ్చి కెమెరా ముందే గూడు అల్లుతుంది. ఒక్క సాలె పోగు చాలు, రాత్రి బొమ్మంతా తెల్లటి పొగలా మారిపోవడానికి. వారానికోసారి మెత్తటి గుడ్డతో తుడవడానికి మించిన మందు దీనికి లేదు.

చిన్న ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే, గేటు దగ్గర నిలబడి ‘ఏమండీ’ అని పిలిస్తే చాలదా అనే మాట కూడా ఉంది. పగలు చాలుతుంది. కానీ గ్యాస్ తనిఖీ అనో, కేవైసీ అనో చెప్పి గేటు తోసుకొచ్చేవాడు తెలిసినవాడు కాడు. తాళం వేసి ఊరెళ్తే పోలీసులకు యాప్‌లో చెప్పి కెమెరా పెట్టించుకునే ఎల్‌హెచ్‌ఎంఎస్ పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో 2017 నుంచి ఉంది, ఉపయోగపడేదే. అయితే అది ఎవరూ లేని ఇంటికి. పెద్దవాళ్లు లోపలే ఉన్న ఇంటికి ఎవరొచ్చారో చూసి తలుపు తీయాలా వద్దా అని తేల్చుకునే వీలు కావాలి.

నా వాదనకు అసలైన అభ్యంతరం ఇరుగుపొరుగుది. బ్యాటరీ కెమెరా నిద్రపోతుంది గనుక తక్కువ చూస్తుంది. తీగ ఇస్తే అది రోజంతా చూస్తుంది, ఎదురింటి అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లతో సహా. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. కానీ 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సొంత, ఇంటి అవసరాలకు వాడే డేటాను తన పరిధి నుంచి తప్పించింది. అంటే మన గేటు కెమెరాకు హద్దు గీసే బాధ్యత చాలావరకు మన మీదే పడింది. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు 2021లోనే ఇలాంటి బెల్లు పెట్టిన ఇంటి యజమాని పొరుగింటి హక్కును ఉల్లంఘించాడని తేల్చింది, మాటలు కూడా దూరం నుంచి రికార్డవడాన్ని ప్రత్యేకంగా తప్పుపట్టింది. అందుకే ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేను. కెమెరాను కిందికి, మన గేటు వైపుకే వంచాలి. ఎదురిల్లు పడే భాగాన్ని సెట్టింగ్స్‌లో మూసేయాలి, వీధి మాటలు రికార్డు కాకుండా ఆపాలి. ఇవి చేయకుండా బిగించేవాడికి పొరుగువాళ్లు అడ్డుచెబితే వాళ్లదే న్యాయం. రికార్డు ఎక్కడ దాచుతున్నామన్నదీ ఇందులో భాగమే. రింగ్ ఉద్యోగులు వినియోగదారుల వీడియోలు చూశారన్న ఆరోపణ మీద 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది, ఆ కంపెనీ 58 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. రికార్డయ్యే మెమరీ కార్డు బెల్లులోనే ఉంటే దొంగ బెల్లుతో సహా పీక్కుపోతాడు. గేటు నుంచి తీగ ఉన్న ఇంట్లో రికార్డును లోపలి బీరువా పక్కన పెట్టెలో దాచుకోవచ్చు. ఇంటర్నెట్ పోయినా అది నిలుస్తుంది, రేపు పోలీసులకు ఇవ్వాల్సి వస్తే అసలు కాపీ మన చేతిలోనే ఉంటుంది.

చింతలపూడి పంచాయతీ నుంచి నగర పంచాయతీ అయిన ఊరు, కొత్త ఇళ్లు లేస్తూనే ఉన్నాయి. స్లాబు వేసే ముందు మేస్త్రీతో మాట్లాడుకునే రోజునే ఎలక్ట్రీషియన్‌ను కూడా పిలిచి, గేటు స్తంభానికి నేలలోంచి ఒక పైపు, రూటరు ఉండే చోటికి ఇన్వర్టర్ లైను నుంచి ఒక ప్లగ్గు అడగాలి. కెమెరా తర్వాత ఎప్పుడైనా, ఏ కంపెనీదైనా కొనుక్కోవచ్చు. ఇప్పటికే కెమెరా బిగించుకున్నవాళ్లు ఈ సాయంత్రం చీకటి పడ్డాక మెయిన్ ఆపి, గేటు దగ్గరకు వెళ్లి బెల్లు నొక్కి చూడండి. దూరాన ఉన్న కొడుకు ఫోను మోగి, మీ ముఖం అతనికి కనబడితే ఏర్పాటు సరిగా ఉన్నట్టే. మోగకపోతే ముందు రూటరు ఏ ప్లగ్గులో ఉందో చూడండి, ఆ తర్వాత తీగ.