కదలని గోదావరి

గోదావరి గట్టున కెమేరా పట్టి నిలిచిన విద్యార్థి మొట్టమొదట కోరునది స్పష్టత. పంటుమీది మనుష్యుని చొక్కా బొత్తాములు లెక్కకు రావలెను. తెడ్డునుండి జారిన నీటిచుక్క గాలిలో ముత్యమువలె నిలువవలెను. అట్లు వచ్చిన చిత్రము పాఠశాల ప్రదర్శనమున గోడ కెక్కును. పడవ రవంత చెదరెనా, తీసినవాడే సిగ్గుపడి ఎవరికిని చూపక చెరిపివేయును. ఉపాధ్యాయులును తరచుగా ఈ తీర్పునే సమర్థింతురు. చెదరిన దెల్ల చెడినదే యనుట కళకు గాని శాస్త్రమునకు గాని న్యాయము చేయదు. చేయి వణకి చిత్రమంతయు అలుకుకొనిపోయినచో అది లోపమే. గట్టు, కొబ్బరిచెట్టు, రేవుమెట్లు నిలుకడగా నుండి పడవ మాత్రమే చెదరినచో, ఆ క్షణమున పడవ ప్రయాణము చేయుచుండెననుటకు చిత్రమే సాక్ష్యము.

ఇందలి శాస్త్రము కఠినమైనది కాదు. షట్టరు తెరచియున్నంతసేపు వస్తువు ఎంత దూరము జరుగునో, అంత చార చిత్రమున పడును. సెకనుకు 3 మీటర్ల వేగముతో పోవు పడవ సెకనులో 500వ వంతున 6 మిల్లీమీటర్లు మాత్రమే జరుగును. అది రాతిబొమ్మవలె నిలుచును. 30వ వంతున 10 సెంటీమీటర్లు జరుగును; అంచులు మెత్తబడును. నాలుగవ వంతున 75 సెంటీమీటర్లు జరుగును. పడవ నీటిపై ఒక వర్ణరేఖయై సాగును. అదే వేగముతో ఆవలి గట్టున పోవు పడవ ఇంతగా చెదరదు. ఎదురుగా వచ్చునదియు అంతే. అడ్డముగా పోవునదియే చారలు దీయును. ఇక వెలుగు సంగతి. 500వ వంతునుండి 30వ వంతునకు దిగినచో 16 రెట్లకు పైగా వెలుగు లోనికి వచ్చును. ఆ మేరకు కటకపు రంధ్రమును ఎఫ్ 4 నుండి ఎఫ్ 16 వరకు కుదింపవలసియుండును. కోనసీమ మిట్టమధ్యాహ్నపు టెండలో అంతకంటె నెమ్మదిగా తీయబోయినచో చిత్రము సున్నము కొట్టిన గోడవలె మిగులును. అందుచేతనే ఈ మార్గమున నడచువారు ఉషస్సును, సంధ్యను ఆశ్రయింతురు. లేదా కటకము ముందు నల్లని గాజు నుంతురు. కెమేరాకు ముక్కాలి స్టాండు తప్పనిసరి.

ఛాయాచిత్రకళ పుట్టుకయే నెమ్మదిలో జరిగినది. 1838లో పారిస్ నగరమున డాగెర్ తీసిన వీథి చిత్రమున బండ్లు లేవు, జనసమ్మర్దము లేదు. వీథి నిర్జనమై యుండుట వలన కాదు; నిమిషముల తరబడి సాగిన చిత్రణలో కదలినవారెల్లరును మాయమైరి. బూట్లకు మెరుగు పెట్టించుకొనుచు కదలక నిలిచిన యొకడు మాత్రము మిగిలెను. తరువాత 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ పరుగెత్తు గుఱ్ఱమును వరుస కెమేరాలతో పట్టి, దాని నాలుగు కాళ్లును ఒక తరుణమున నేలను విడుచునని నిరూపించెను. అది గొప్ప విజయమే. కాని వేగమును ఆపుటయే కెమేరా ధర్మమను భ్రమ లోకమున బలపడుటకు అట్టి విజయములే దోహదము చేసినవి. 1956లో ఎర్నెస్ట్ హాస్ స్పెయినులోని ఎద్దులపోరును నెమ్మదియైన షట్టరుతో రంగులలో చిత్రించి, ఎద్దును మనిషిని ఎఱ్ఱని వస్త్రమును ఒకే సుడిగా చూపినప్పుడు ఆ భ్రమ కొంత సడలెను.

డెల్టాలో ఇట్టి చిత్రణ కంతటికిని తగిన సన్నివేశము కనుమనాడు జగ్గన్నతోటలో లభించును. ఏకాదశ రుద్రుల ప్రభలు పదకొండు గ్రామములనుండి అచటికి తరలివచ్చును. 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటముగా నడచినది ఈ ప్రభల తీర్థమే. గంగలకుర్రు ప్రభలను జనము భుజములపై మోసి, పచ్చని చేలు త్రొక్కి, కౌశికను దాటింతురు. ఆ దాటు ఘట్టమును 1000వ వంతున తీసినచో ప్రతి ముఖమును, ప్రతి నీటితుంపురును దొరకును. బరువు మాత్రము దొరకదు. నడిమి నీటిలో పాతిన స్తంభముచుట్టు జనులు ఫోటోకు నిలిచినట్లుండును. 15వ వంతున తీసినచో కాళ్లును నీళ్లును కలిసిపోయి నురుగుచారలగును. పైన ప్రభ స్వల్పముగా ఊగినట్లుండును. మోయుట యనగా నేమో కంటికి తెలియును. ప్రభతోపాటు కెమేరానుగూడ అదే వేగమున త్రిప్పగలిగినచో ప్రభ నిలిచి గట్టుమీది జనము చారలగుదురు. ఇది అభ్యాసమునగాని పట్టుబడదు; పది తీసిన ఒకటి కుదురుట పరిపాటి. తన అన్న ముఖమును చిత్రమున వెదకుకొను గ్రామస్థుడు ఈ చారలను చూచి కోపగించుకొనినచో అతని కోపము న్యాయమైనదే. అతనికొఱకు వేగమైన చిత్రమొకటి తీసి యీయవలెను.

నెమ్మది మంచిదనుటవలన మితిమీరిన నెమ్మదికి ఆమోదము లభింపరాదు. ధవళేశ్వరము ఆనకట్టవద్ద నీటిని 30 సెకన్లపాటు చిత్రించి ఏకిన దూదివలె చూపుట ఈనాటి మోజు. వేసవిలో అది ఇంపుగనే యుండవచ్చును. వరదకాలమున అది అబద్ధము. 1986 ఆగస్టులో భద్రాచలమున నీరు 75.6 అడుగులకు ఎక్కినది, లంకలు మునిగినవి. అట్టి వరదను పాలనురుగుగా మార్చినచో, కొట్టుకొనివచ్చు దుంగయు, ఇంటికప్పును డాగెర్ వీథిలోని బండ్లవలె మాయమగును. చూచువాడు భయపడవలసినచోట మురిసిపోవును.

నేటి విద్యార్థిచేతి ఫోను పగటివెలుగులో తనంత తానే అతివేగమును ఎన్నుకొనును. ఎన్నికయొకటి జరిగినదని కూడ పిల్లవానికి తెలియదు. స్వయముగా వేగము నిర్ణయించు ఏర్పాటు అనేకమగు ఫోనులలో ఉన్నది గనుక, ఖరీదైన కెమేరా లేదను సాకు చెల్లదు. కాలువగట్టున సాయంకాలము సైకిలుపై పోవు బాలుని సీటుక్రింద తెల్లకాగితపు ముక్క అంటించి, ఫోనును గోడకు ఆనించి, 500, 125, 60, 15 వంతులలో నాలుగు చిత్రములు తీయించవచ్చును. చక్రము నిలువుకొలత సుమారు 66 సెంటీమీటర్లని తెలియును. చార అడ్డముగా సాగును గాన నిలువుకొలత చెడదు. 15వ వంతు చిత్రములో కాగితపు చార చక్రపు ఎత్తులో సగమున్నచో, సైకిలు 33 సెంటీమీటర్లు జరిగినది. అనగా వేగము సెకనుకు సుమారు 5 మీటర్లు, గంటకు 18 కిలోమీటర్లు. స్కేలుతో కొలిచి ఈ లెక్క కట్టిన తరగతి, మిగిలిన మూడింటిని గూడ కొలిచి చూచును. 500వ వంతు చిత్రమున వారికి కొలుచుటకు దాదాపు ఏమియు దొరకదు.