పులిహోర దాటి

వలస వచ్చినవారి పిల్లలు చదివే విదేశీ బడులలో కొన్నిచోట్ల ఏడాదికొకనాడు సంస్కృతి దినం జరుపుతారు. మన పిల్లలు పట్టుబట్టలు కట్టుకొని వెళతారు, తల్లులు పులిహోర చేసి పంపుతారు. మరునాడు పాఠం యథాతథం. ఆ వేడుక మీద నాకు ఫిర్యాదు లేదు. సంస్కృతిని చదువులో చేర్చడమంటే అంతేననుకోవడం మీదనే.

అమెరికాలో, మెక్సికో సరిహద్దుకు సుమారు వంద కిలోమీటర్ల దూరాన, అరిజోనా రాష్ట్రంలో టూసాన్ నగరం ఉంది. అక్కడ లూయిస్ మోల్, నార్మా గొన్సాలెజ్ మొదలైన పరిశోధకులు బడిపంతుళ్ళతో కలిసి మెక్సికన్ విద్యార్థుల ఇళ్ళకు వెళ్ళారు. నేర్పడానికి కాదు, నేర్చుకోవడానికి. చదువు లేనివని లోకం అనుకొనే ఆ ఇళ్ళలో సేద్యం, పశుపోషణ, కట్టుబడి, మరమ్మతులు, గృహవైద్యం కనిపించాయి. వాటిని వారు ‘విజ్ఞాన నిధులు’ అన్నారు. 1992లో వెలువడిన వారి వ్యాసంలో ఒక ఉదంతం ఉంది. తన విద్యార్థి మెక్సికో మిఠాయిలు అమ్ముతున్నాడని తెలిసిన ఉపాధ్యాయిని మిఠాయినే పాఠంగా మలచింది. పిల్లలు వాటి దినుసులు పరిశీలించారు. ఒక తల్లి తరగతికి వచ్చి తయారీ నేర్పింది. ఆనాడామె వడ్డించడానికి రాలేదు, గురుస్థానంలో నిలిచింది.

మిఠాయి దాటి చరిత్రకు వస్తే కథ వేరు. గాడ్స్‌డెన్ కొనుగోలుతో 1854లో అమెరికా వశమయ్యేవరకు టూసాన్ మెక్సికోదే. అక్కడి పాతకాపుల విషయంలో వలస వచ్చింది మనుషులు కాదు, సరిహద్దు! ఇటువంటి చరిత్రను బోధించే మెక్సికన్ అమెరికన్ అధ్యయనాల తరగతులు, జాతుల నడుమ ద్వేషం పెంచుతున్నాయన్న ఆరోపణతో 2010లో రాష్ట్రం చేసిన చట్టం వల్ల 2012లో మూతపడ్డాయి. ఆ నిషేధం వెనుక ఉన్నది జాతివిద్వేషమేనని, అది రాజ్యాంగవిరుద్ధమని 2017లో ఫెడరల్ న్యాయమూర్తి తేల్చారు.

పులిహోరకు ఎవరూ అడ్డురారు. దానివల్ల పాఠం మారదు గనుక. చరిత్రకు అడ్డువస్తారు, దానివల్ల మారుతుంది గనుక.

ప్రతి ఇంటికీ వెళ్ళడం ఉపాధ్యాయులకు తలకు మించిన భారమే. ఒక ఇంటిని చూసి జాతినంతా అంచనా కట్టే ప్రమాదమూ ఉంది. కాబట్టి అన్ని ఇళ్ళూ తిరగనక్కరలేదు, అడిగితే చాలు. అడిగిననాడు మనమూ వంట దగ్గరే ఆగకుండా, ఎందుకు వచ్చామో, ఎవరిని వదిలి వచ్చామో, వీసా కాగితాల కోసం ఎన్నేళ్ళు కాచుకున్నామో చెప్పాలి. ముందు మన పిల్లలకైనా చెప్పామా?