గుడ్ల దొంగ ఎవరు?



మా నేలకొండపల్లి రామదాసు పుట్టిన వూరు. చుట్టూ వరి పొలాలు. భద్రాచలం వైపు సాగిపోతే అడవులు. వరి వున్నచోట ఎలుకలుంటాయి. ఎలుకల కోసం పాములూ, బావురుపిల్లులూ వస్తాయి. వాటికి కోళ్ళగూడు కనిపిస్తే వూరుకుంటాయా?

ఒక ఏడు మా గూట్లో గుడ్లు మాయం కాసాగాయి. ఎదురింటి కుర్రవాడు రోజూ మా పెరట్లోకి చింతకాయలు ఏరుకోవటానికి వచ్చేవాడు. "గుడ్లు తీస్తున్నది నువ్వేనా?" అని నలుగురిలో అడిగాను. వాడు, "లేదు సారూ," అని తలవంచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. గుడ్లు మాత్రం పోతూనే వున్నాయి!

"ముందు చూడండి, తరవాత చెప్పండి," అని మీబోటి పిల్లలకు ఏళ్ళ తరబడి పాఠం చెప్పినవాణ్ణి, నేనే చూడకుండా చెప్పాను. సిగ్గుపడి గూడంతా వెతికాను. ఒక్క పెంకు కూడా లేదు. ముంగిస అయితే గుడ్డు పగలగొట్టి తింటుంది, పెంకులు మిగులుతాయి. పాము గుడ్డును అలాగే మింగేస్తుంది. గోడ అడుగున చిన్న కన్నం వున్నది. దూరంగా కూచుని కాపు కాశాను. మధ్యాహ్నం అందులోనుంచి ఒక జెర్రిపోతు జరజరా బయటికి వచ్చింది!

వెంటనే ఎదురింటికి వెళ్ళి, వాడి తల్లిదండ్రుల ముందే, "తప్పు నాది, నాయనా," అన్నాను. మర్నాడు గూడు బాగుచెయ్యటానికి వాడే సాయం వచ్చాడు.

ఇద్దరం కలిసి కన్నాన్ని ఇటుకముక్కలతో, సిమెంటుతో పూడ్చాం. పాత వలకు కన్నులు పెద్దవి. కోడి బయటికి పోలేదుగాని, పాము లోపలికి రాగలదు. అందుకని అరంగుళం కన్నుల ఇనపజాలీ బిగించాం. కుక్కలూ, నక్కలూ తవ్వి దూరకుండా, గూటి చుట్టూ 1 అడుగు లోతున జాలీ పాతాం. కోడికి చీకట్లో సరిగా కనిపించదు, పారిపోలేదు. కాబట్టి పొద్దుగూకే ముందే లెక్కపెట్టి గడియ వెయ్యాలి. చిందిన గింజలు వూడ్చేస్తే ఎలుకలు తగ్గుతాయి. గుడ్లు ఏ రోజువి ఆ రోజే తియ్యాలి. పగలు గద్దలు తన్నుకుపోకుండా పిల్లలను గంప కింద మూయాలి.

జెర్రిపోతును చంపకండి. దానికి విషం లేదు. పంట తినే ఎలుకలను అది తింటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానినీ, ముంగిసనూ, బావురుపిల్లినీ కాపాడుతున్నది. మందు పెడితే పొరుగువారి కుక్క చావవచ్చు. అయితే నాగుపాము కూడా గూట్లో దూరగలదు. కనక లైటు వేసి చూడనిదే లోపల చెయ్యి పెట్టకండి. పాము కనిపిస్తే దూరంగా వుండి పెద్దలను పిలవండి.

ఇవాళ మీ గూటి చుట్టూ తిరిగి సందులు వెతకండి, వేలు పెట్టి కాదు, పుల్ల పెట్టి! దొంగ ఎవరో చెప్పేముందు కన్నం ఎక్కడున్నదో చూడాలి మరి.